బ్రేకు తొక్కితే ఇండికేటరు ఎందుకు వెలుగుతుంది?

ఎర్రగుంట్ల నుంచి ప్రొద్దుటూరు వైపు పొద్దు గుంకాక వెళ్తుంటే ముందు పోయే బండి వెనక లైట్లను కాస్త గమనించండి. ఏళ్లు పైబడిన కారైతే మరీ మంచిది. డ్రైవరు బ్రేకు తొక్కగానే కుడివైపు ఎర్రలైటు భగ్గుమంటుంది. ఎడమవైపుది మాత్రం, అప్పటిదాకా సన్నగా వెలుగుతున్నదల్లా, దాదాపు ఆరిపోతుంది. దాని పక్కనున్న పసుపు ఇండికేటరు ఎవరూ వేయకుండానే మసక మసకగా వెలుగుతుంది. బ్రేకు వదలగానే ఇండికేటరు ఆరి, ఎర్రలైటు మళ్లీ వస్తుంది.

వెలగాల్సింది ఆరి, ఆరి ఉండాల్సింది వెలుగుతోంది. బల్బు పోయిందేమో అనుకుంటాం. పోయిన బల్బు వెలగదు, అంతే. పక్క బల్బును వెలిగించే శక్తి దానికి లేదు. ప్లస్ వైరు ఎక్కడో బాడీకి తగిలి షార్టయిందేమో అంటారు ఇంకొందరు. అలాగైతే ఫ్యూజు పోవాలి, పోలేదు. బల్బులు బాగున్నాయి, ఫ్యూజు బాగుంది, స్విచ్ బాగుంది. చెడింది కరెంటు తిరిగి వెళ్లే దారి.

కారు లైట్ల జబ్బుల్లో చాలావాటికి మూలం ఇలాంటి చోట్లే ఉంటుంది. మనం డబ్బు పెట్టేది మాత్రం బల్బు మీద. "మార్చినాం కదన్నా, రెండ్రోజులు బాగానే వెలిగె, మళ్లీ అదే కథ" అనే మాట ప్రతి ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరా వినబడుతుంది. ఆ రెండ్రోజులు ఎందుకు బాగా వెలిగిందో కూడా చూద్దాం.

పోయేది వైరులో, వచ్చేది బాడీలో

ఇంట్లో బల్బుకు రెండు వైర్లు వెళ్తాయి. కారులో చాలా చోట్ల పొడవాటి వైరు ఒక్కటే. బ్యాటరీ ప్లస్ నుంచి బయలుదేరిన కరెంటు ఫ్యూజు, స్విచ్, కొన్నిసార్లు రిలే దాటి బల్బుకు చేరుతుంది. ఫిలమెంటును వేడెక్కించి, అవతలి కొస నుంచి బయటపడి, జానెడు నల్ల వైరు గుండా కారు ఇనుప బాడీలోకి దిగుతుంది. బ్యాటరీ మైనస్‌ను కూడా ఆ బాడీకే బిగించి ఉంటారు కాబట్టి కారు రేకంతా తిరుగుదారిగా పనిచేస్తుంది. కంపెనీకి రాగి ఖర్చు మిగులుతుంది, బండికి బరువు తగ్గుతుంది. ఆ నల్ల వైరు బాడీకి కలిసే చోటే ఎర్త్.

వెనక టెయిల్ ల్యాంపు డబ్బాలో మామూలుగా 21 వాట్ల బ్రేకు లైటు, 5 వాట్ల టెయిల్ లైటు, 21 వాట్ల ఇండికేటరు, రివర్స్ లైటు ఉంటాయి. బ్రేకుదీ టెయిల్‌దీ చాలా బండ్లలో ఒకే గాజు బుడ్డిలోని రెండు ఫిలమెంట్లు. ఎవరి ప్లస్ వైరు వారిదే. ఎర్త్ మాత్రం అందరికీ ఉమ్మడి: డబ్బా వెనక ఒక పిన్ను, అక్కడి నుంచి ఒక నల్ల వైరు, డిక్కీ పక్క రేకుకు ఒక బోల్టు. ఆ బోల్టు తుప్పు పట్టిందనుకోండి. నలుగురి తిరుగుదారీ ఒక్కసారే మూసుకుపోతుంది.

ఇప్పుడు పార్కింగ్ లైట్లు మాత్రమే వేశాం. టెయిల్ ఫిలమెంటు దాటిన కరెంటు ఉమ్మడి ఎర్త్ పిన్ను దాకా వచ్చింది. బాడీలోకి దిగే దారి లేదు. కానీ అదే పిన్నుకు ఇండికేటరు బల్బు కూడా తగిలించి ఉంది. కరెంటు దాని ఫిలమెంటులోకి వెనక నుంచి దూరి, ఇండికేటరు వైరు పట్టుకుని ఎదురు ప్రయాణం చేసి, అదే వైరు మీదున్న ముందు ఎడమ ఇండికేటరుకు చేరి, అక్కడి మంచి ఎర్త్‌లో దిగిపోతుంది. 5 వాట్ల బల్బు లాగే కరెంటు అర ఆంపియరు కూడా లేదు. 21 వాట్ల ఇండికేటరు ఫిలమెంటును ఎర్రబరచడానికి అది చాలదు. అందుకే ఇండికేటరు ఆరే ఉంటుంది, టెయిల్ లైటు మాత్రం దాదాపు మామూలుగానే వెలుగుతుంది. ఎర్త్ తెగి నెలలు గడిచినా ఎవరికీ తెలియదు.

బ్రేకు తొక్కినప్పుడు బండారం బయటపడుతుంది. ఈసారి వచ్చేది 21 వాట్ల ఫిలమెంటు గుండా పెద్ద కరెంటు. అదీ ఇండికేటరు దారినే పట్టాలి. బ్రేకు ఫిలమెంటు, వెనక ఇండికేటరు, ముందు ఇండికేటరు మూడూ ఒకదాని వెనక ఒకటి నిలబడి 12 వోల్టులను పంచుకుంటాయి. తలా సుమారు 4 వోల్టులు. వోల్టులు మూడో వంతుకు తగ్గితే వెలుగు కూడా మూడో వంతు ఉంటుందనుకోకండి. రెండు మూడు శాతం కూడా కష్టమే. అందుకే బ్రేకు లైటు వెలిగీ వెలగనట్టు, ఇండికేటరు మసకగా. ఇంతలో ఆ ఉమ్మడి పిన్ను దగ్గర వోల్టేజీ 8 దాకా ఎక్కి కూర్చుంది. టెయిల్ ఫిలమెంటుకు ఒక వైపు 12, ఇంకో వైపు 8. మధ్య తేడా 4 వోల్టులే గనుక అదీ చతికిలబడింది. బండి ముందుకు వెళ్లి చూస్తే ఎడమ ముందు ఇండికేటరు కూడా సన్నగా వెలుగుతూ సాక్ష్యం చెబుతుంది.

హెడ్‌లైట్లలో కూడా ఇదే నాటకం. 1971లో వచ్చిన హెచ్4 బల్బు ఇప్పటికీ మన రోడ్ల మీద కోకొల్లలు. దానికి మూడు కాళ్లు: ఒకటి డిమ్ముకు, ఒకటి బ్రైటుకు, మూడోది రెంటికీ ఉమ్మడి. ఉమ్మడి కాలు ఎర్త్‌కు పోయే బండ్లలో ఒక పక్క ఆ ఎర్త్ తెగితే, డిమ్ము వేసినా డాష్‌బోర్డు మీద బ్రైటుకు గుర్తయిన నీలి దీపం మసకగా వెలగవచ్చు. కరెంటు బ్రైటు ఫిలమెంటు గుండా వెనక్కి నడిచి, బ్రైటు వైరు ఎక్కి, అవతలి హెడ్‌లైటు దాకా పోయిందన్నమాట. డిమ్ములో నీలి దీపం కనబడితే బల్బు కొట్టుకు వెళ్లకండి. ఎర్త్ వెతకండి.

మీటరు 12 అంటుంది, లైటు వెలగదు

పూర్తిగా తెగిన ఎర్త్‌ను పట్టుకోవడం ఒక లెక్కన తేలిక. కష్టమంతా సగం చెడినదానితో. హెడ్‌లైటు గుడ్డిగా వెలుగుతోంది. బల్బు తీసి, హోల్డరులో మల్టీమీటరు పుల్లలు పెట్టి చూస్తే నిక్షేపంగా 12.5 వోల్టులు. సప్లై వస్తోంది, బల్బే చెడిందని కొత్తది వేస్తారు. అదీ గుడ్డిగానే వెలుగుతుంది.

పులివెందుల చీనీ తోటల్లో డ్రిప్పు పైపులు చూసినవాళ్లకు ఇది చప్పున అర్థమవుతుంది. పైపు మధ్యలో ఎక్కడో ఒక రాయి కింద నొక్కుకుపోయింది. చివరన మూత బిగించి ప్రెషరు చూస్తే మోటారు దగ్గర ఎంతుందో అక్కడా అంతే ఉంటుంది, ఎందుకంటే నీళ్లు కదలడం లేదు. మూత తీసి నీళ్లు పారనివ్వండి. నొక్కుకుపోయిన చోట అడ్డం పడి, చివరన ప్రెషరు ఒక్కసారిగా పడిపోతుంది. ఇరుకు దారి లోపం పారుదలలోనే బయటపడుతుంది.

మల్టీమీటరు లాగే కరెంటు లేనట్టే లెక్క. బల్బు తీసేసి కొలిచామంటే మూత బిగించి కొలిచినట్టు. 55 వాట్ల డిమ్ము ఫిలమెంటు నాలుగున్నర ఆంపియర్లు లాగుతుంది. దారిలో ఎక్కడో తుప్పు పట్టిన కప్లరు 0.3 ఓము అడ్డు చూపుతోందనుకుందాం. చాలా చిన్న సంఖ్య, మామూలు మీటరు ఓముల్లో సరిగ్గా చూపించలేనంత చిన్నది. లైటు వెలుగుతున్నప్పుడు మాత్రం అది 1.2 వోల్టులు మింగేస్తుంది. బల్బుకు చేరేది 12 కాదు, 10.8. పది శాతమే కదా అనిపిస్తుంది. ఫిలమెంటు బల్బు స్వభావం వేరు. వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుగు ముప్పై శాతం తగ్గుతుంది. ఫిలమెంటు చల్లబడే కొద్దీ వెలుగు పసుపు దాటి ఎరుపు వైపు జరుగుతుంది. ఒక హెడ్‌లైటు తెల్లగా, ఇంకోటి పండుటాకు రంగులో కనబడే బండి ఎదురైతే ఆ రెండో వైపు కప్లరు గోడు అదే.

పెద్ద లారీలు 24 వోల్టుల మీద నడవడానికి ఒక కారణం ఇక్కడే ఉంది. అంతే వాట్ల బల్బుకు 24 వోల్టుల్లో సగం కరెంటు చాలు. అదే 0.3 ఓముకు నష్టమయ్యే వోల్టులు సగం, అదీ రెట్టింపు వోల్టేజీలోంచి. అంటే శాతంలో నాలుగో వంతే. లారీ ఛాసిస్ పొడవుకు వైర్లు లాగాలంటే ఈ వెసులుబాటు లేకుండా కుదరదు.

మరి మింగిన 1.2 వోల్టులు ఏమయ్యాయి? వేడిగా మారాయి. కరెంటు వైరులో పుట్టించే వేడి ఆ కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుందని ఇంగ్లండులో బీరు తయారీదారుల ఇంట పుట్టిన జేమ్స్ జౌల్ 1841లోనే ప్రకటించాడు. మన కప్లరులో లెక్క కడితే దాదాపు 5 వాట్లు. అంటే ఒక పార్కింగ్ బల్బు వేడంతా వేలెడు లేని ప్లాస్టిక్ ముక్కలో గాలి ఆడకుండా పుడుతోంది. ఆ వేడికి లోపలి ఇత్తడి రేకుల బిగువు సడలుతుంది. సడలితే తాకే చోటు తగ్గుతుంది, తగ్గితే అడ్డు పెరుగుతుంది, పెరిగితే వేడి ఇంకా పెరుగుతుంది. చివరికి కప్లరు గోధుమరంగుకు మారి, కరిగి, బల్బు కాలును పట్టుకుని వదలదు.

కొత్త బల్బు రెండ్రోజులు బాగా వెలగడానికి కారణం ఇప్పుడు తెలిసిపోయింది. పాత బల్బు లాగి కొత్తది దోపేటప్పుడు కాళ్లూ రేకులూ ఒరుసుకుని తుప్పు పొర కొంచెం రాలింది. బాగైంది బల్బు వల్ల కాదు, ఆ రాపిడి వల్ల. పొర మళ్లీ పట్టగానే మళ్లీ మొదటికి.

"హండ్రెడ్ నైంటీ" (100/90 వాట్ల) బల్బుల ప్రియులకు ఇక్కడొక మాట. కంపెనీ వైరింగు 60/55 వాట్లకు వేసినది. అందులో 100 వాట్లది పెడితే కరెంటు ఎనిమిది ఆంపియర్లు దాటుతుంది. జౌల్ లెక్క ప్రకారం కప్లరులోనూ స్విచ్‌లోనూ పుట్టే వేడి దాదాపు మూడు రెట్లు. వెలుగు కోసం వేసిన బల్బు స్టీరింగు కింది స్విచ్‌ను కాల్చడం అలా జరుగుతుంది. పెట్టక తప్పదనుకుంటే బ్యాటరీ నుంచి నేరుగా లావు వైరు, రిలే, విడిగా ఫ్యూజు ఉండాలి. నన్నడిగితే ఉన్న 55 వాట్లకే పూర్తి వోల్టేజీ అందేలా చూసుకోవడం మేలు. చాలా బండ్లకు ఆ వెలుగు సరిపోతుంది.

[బాక్సు] ఇరవై ఒక్క వాట్ల టెస్ట్ ల్యాంపు

పాత ఇండికేటరు బల్బు ఒకటి, దాని హోల్డరు, రెండు మూరల వైరు రెండు ముక్కలు. ఒక కొసకు మొసలి క్లిప్పు, ఇంకో కొసకు మొనదేలిన పుల్ల. క్లిప్పు బ్యాటరీ మైనస్‌కు తగిలించి, పుల్లతో ప్లస్ వైరు తాకితే బల్బు నిండుగా వెలగాలి. సన్నగా వెలిగితే అటువైపు ఎక్కడో ఇరుకు ఉంది. ఈ బల్బు దాదాపు రెండు ఆంపియర్లు లాగుతుంది కాబట్టి మీటరు దాచిన గుట్టు ఇది రట్టు చేస్తుంది.

ఎర్త్‌ను పరీక్షించాలంటే లైటు వేసి ఉంచి, మల్టీమీటరు ఒక పుల్ల ల్యాంపు ఎర్త్ పిన్ను మీద, రెండోది బ్యాటరీ మైనస్ మీద పెట్టండి. మంచి ఎర్త్ అయితే సున్నాకు దగ్గరగా, వోల్టులో పదో వంతో, పదిలో రెండు వంతులో చూపుతుంది. అర వోల్టు దాటితే ఆ దారి బాగుచేయాల్సిందే. మన మొదటి బండిలో బ్రేకు తొక్కితే ఇక్కడ 8 కనబడుతుంది.

జాగ్రత్త: పసుపు తొడుగు, పసుపు కప్లరు ఉన్న వైర్లు ఎయిర్‌బ్యాగువి. వాటి జోలికి అసలు పోవద్దు. లైట్లను కంప్యూటరు నడిపే కొత్త కార్లలో కూడా ఈ బరువైన టెస్ట్ ల్యాంపు వాడకూడదు, అక్కడ మీటరే మంచిది. వైరు తొడుగు పొడిచి చూస్తే ఆ చిల్లులోంచి తేమ దిగి నాలుగు నెలల్లో కొత్త జబ్బు మొదలవుతుంది. కప్లరు వెనక నుంచి తాకడం మేలు.

సిమెంటు దుమ్ము ఏం చేస్తుంది?

ఏ ఊరి కార్లకైనా ఎర్త్‌లు చెడతాయి. ఎర్రగుంట్ల చుట్టుపక్కల దుమ్ముకు మాత్రం కొన్ని ప్రత్యేకతలు ఉన్నాయి. చిలంకూరు, ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలు, నాపరాళ్ల గనులూ పాలిష్ యూనిట్లూ, ముద్దనూరు దారిలో రాయలసీమ థర్మల్ కేంద్రం, అక్కడి నుంచి బూడిద మోసే లారీలు. 1,650 మెగావాట్ల కేంద్రం పక్కనే తిరిగే బండ్లు 5 వాట్ల బల్బు దగ్గర తడబడటం తమాషాగానే ఉంటుంది, కానీ కారణం లేకపోలేదు.

హెడ్‌లైటు డబ్బా గాలి చొరని పెట్టె కాదు. లోపల తేమ పట్టకుండా చిన్న గాలి దారులు కావాలనే వదులుతారు. లైటు వెలిగితే లోపలి గాలి వేడెక్కి ఉబ్బి బయటికి పోతుంది. బండి ఆపితే చల్లబడి కుంచించుకుని బయటి గాలిని లోపలికి లాగుతుంది. రోజూ జరిగే పనే. శుభ్రమైన ఊళ్లో ఆ గాలితో ఒట్టి తేమ వస్తుంది. ఇక్కడ తేమతో పాటు సన్నటి పొడి కూడా. పైగా బల్బు మార్చేటప్పుడు వెనక నల్ల రబ్బరు తొడుగు తీసి, మళ్లీ పెట్టడానికి బద్ధకించే మెకానిక్కులు తక్కువేం కాదు. ఆ రబ్బరు లేకపోతే ఇక అడ్డేముంది.

పొడిగా ఉన్నంతసేపు దుమ్ము వల్ల పెద్ద ప్రమాదం లేదు. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల మంచుకో, సర్వీసింగులో కొట్టే ప్రెషరు నీళ్లకో తడిస్తేనే కథ మారుతుంది. సిమెంటుకు తేమ తగిలితే గట్టిపడుతుందని చెప్పనక్కర్లేదు. స్ప్రింగు కాంటాక్టు మీద ఆ పలచటి పొర గట్టిపడితే ఆ కాంటాక్టు కదలదు, తాకదు. రెండో సంగతి ఎక్కువమంది పట్టించుకోరు: తడి సిమెంటు ఘాటైన క్షారం. ఆమ్లాలకే కాదు, క్షారాలకూ కరిగే లోహాలు అల్యూమినియం, జింకు. హెడ్‌లైటు లోపల అద్దంలా మెరిసే రిఫ్లెక్టరు పైపూత చాలా బండ్లలో అల్యూమినియమే, వెంట్రుకలో వందో వంతు కూడా ఉండని పొర. ఎర్త్ బోల్టు మీద తుప్పు పట్టకుండా వేసే పూత జింకు. రెంటినీ ఆ తడి పొడి మెల్లగా తినేస్తుంది. జింకు పోయాక బోల్టు తుప్పుకు అడ్డెవరు?

రిఫ్లెక్టరు మసకబారాక ఎంత మంచి బల్బు వేసినా వెలుగు రోడ్డు మీదికి రాదు. ఇది వైరింగు జబ్బు కాదు, అయినా వైరింగు పరీక్షల మీద డబ్బు పోతుంటుంది. ముందు గాజులాంటి ప్లాస్టిక్ పసుపెక్కడం ఇంకో సంగతి. అది పాలీకార్బొనేటు. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు పై రక్షణ పూత చెడి రంగు మారుతుంది. మే నెలలో 43, 44 డిగ్రీలు చూసే కడప జిల్లాలో ఆరుబయట నిలిపే బండికి ఇది త్వరగానే వస్తుంది. నీడన పెట్టిన బండికీ ఎండన పెట్టిన బండికీ నాలుగైదేళ్లకు తేడా కళ్లకు కడుతుంది. మసకబారింది లెన్సా, రిఫ్లెక్టరా, తగ్గింది వోల్టేజీయా అన్నది పగటిపూట డబ్బాలోకి తొంగి చూసి, రాత్రి బల్బు రంగు చూసి తేల్చుకోవచ్చు. బల్బు తెల్లగా వెలుగుతూ రోడ్డు చీకటిగా ఉంటే తప్పు వైరుది కాదు.

ఎక్కడ మొదలుపెట్టాలి

మంచి ఎలక్ట్రీషియన్ పనిముట్టు తీయకముందే ఒక ప్రశ్న అడుగుతాడు: ఒకటి వెలగడం లేదా, రెండూనా? రెండు బ్రేకు లైట్లూ ఒకే రాత్రి మాడిపోవడం అరుదు. రెండూ పోతే వాటికి ఉమ్మడిగా ఉన్నవాటిని చూడాలి: ఫ్యూజు, పెడల్ పైన ఉండే చిన్న బ్రేకు స్విచ్. ఒక్కటే పోతే ఆ పక్క బల్బు, హోల్డరు, ఎర్త్. ఈ ఒక్క ప్రశ్నతో సగం పని అయిపోతుంది.

పెడల్ స్విచ్ ఇంకో రకంగానూ విసిగిస్తుంది. దాని బుడిపె ఇరుక్కుంటే బండి ఆపి ఇంటికెళ్లినా బ్రేకు లైట్లు వెలుగుతూనే ఉంటాయి. 21 వాట్లవి రెండు, అంటే మూడున్నర ఆంపియర్లు. 35 ఆంపియర్ అవర్ల చిన్న కారు బ్యాటరీ పది గంటల్లో ఖాళీ. పొద్దున్నే తోసి స్టార్టు చేసి, నింద బ్యాటరీ మీద వేస్తాం.

ఇండికేటరు ఒకవైపు టకటకా వేగంగా కొట్టుకుంటే అది రోగం కాదు, కబురు. ఆ వైపు ఒక బల్బు వెలగడం లేదని ఫ్లాషరు చెబుతోంది. లాగే కరెంటు తగ్గడాన్ని పసిగట్టి వేగం పెంచేలా దాన్ని తయారుచేశారు. వెనక మామూలు బల్బు తీసేసి ఎల్ఈడీ పెట్టినా ఇదే జరుగుతుంది, అది లాగేది మరీ తక్కువ కాబట్టి. పాతకాలం ఫ్లాషర్లలో వేడికి వంగే రెండు లోహాల రేకు ఉండేది. బల్బు పోతే కరెంటు చాలక రేకు సరిగా వేడెక్కేది కాదు, ఇండికేటరు నిమ్మళించేది, లేదా కొట్టుకోవడం మానేసేది. అంబాసిడరు నడిపినవాళ్లకు ఇది గుర్తుండవచ్చు.

కదిలే చోట్ల వైర్లకు వేరే గండం. డిక్కీ తలుపు తీసి మూసేటప్పుడల్లా కీలు దగ్గరి వైరు వంగుతుంది. ఏళ్ల తరబడి వంగి వంగి లోపలి రాగి పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. పైతొడుగు మాత్రం చెక్కుచెదరదు. నంబరు ప్లేటు లైటు డిక్కీ తెరిస్తే వెలిగి, మూస్తే ఆరుతోందంటే ఆ రబ్బరు గొట్టం లోపల చూడండి. వైరును రెండు వేళ్లతో పట్టి మెల్లగా లాగితే తెగిన చోట రబ్బరులా సాగుతుంది. రాగి ఉన్న వైరు సాగదు. పొలాల దగ్గర, గడ్డివాముల పక్కన పెట్టే బండ్లకు ఎలుకల సంగతి సరేసరి.

[బాక్సు] ఫ్యూజు మళ్లీ మళ్లీ పోతుంటే

10 ఆంపియర్ల ఫ్యూజు ఎర్రగా, 15 నీలంగా, 20 పసుపుగా, 30 ఆకుపచ్చగా ఉంటుంది. ఎర్రది పోతోందని పసుపుది పెట్టడం, సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం చుట్టడం మన రోడ్ల మీద కొత్త కాదు. దారి మొత్తంలో అందరికంటే ముందు కరిగిపోవడమే ఫ్యూజు ఉద్యోగం. దాన్ని బలపరిస్తే కరిగేది వైరే, అదీ సీటు కింద, కార్పెట్టు లోపల.

దాని బదులు ఈ ఉపాయం చేయండి. పోయిన ఫ్యూజు తీసి, దాని రెండు కాళ్ల చోట 55 వాట్ల హెడ్‌లైటు బల్బుకు వైర్లు కట్టి తగిలించండి. షార్టు ఉంటే ఆ బల్బు నిండుగా వెలుగుతుంది. ఎంత షార్టయినా బల్బు నాలుగున్నర ఆంపియర్లకు మించి పోనివ్వదు, వైరుకు ప్రమాదం లేదు, పది ఫ్యూజులు తగలేయనక్కర్లేదు. ఇప్పుడు వైరింగును ఒక్కో చోట కదుపుతూ, కప్లర్లు ఒక్కొక్కటే విప్పుతూ వెళ్లండి. ఎక్కడ చెయ్యి వేసినప్పుడు బల్బు ఆరిందో లేదా మసకబారిందో షార్టు అక్కడే. బల్బు బాగా వేడెక్కుతుంది, ప్లాస్టిక్‌కు తగలనివ్వకండి.

బాగుచేయడం అంటే

దొరికిన ఎర్త్‌ను బాగుచేయడం దాన్ని వెతకడం కంటే చాలా తేలిక. బ్యాటరీ మైనస్ విప్పాలి, బోల్టు తీయాలి, వైరు కొసనున్న రింగునూ కింది రేకునూ ఉప్పు కాగితంతో తళతళలాడేలా రుద్దాలి. పెయింటు మీద బోల్టు బిగిస్తే ఎర్త్ కాదు. పెయింటు కరెంటును పోనివ్వదు. కొత్త పెయింటింగు, టింకరింగు అయిన బండ్లలో లైట్ల తిప్పలు మొదలయ్యేది తరచుగా ఇందుకే. గట్టిగా బిగించాక పైన వాజలీనో గ్రీజో పట్టించాలి. బిగించాక అన్నది ముఖ్యం. లోహానికి లోహం తగలాలి, దాని మీదికి గాలీ నీళ్లూ రాకుండా గ్రీజు కాపలా ఉండాలి. వేడికి రంగు మారిన కప్లరును మాత్రం రుద్ది వాడొద్దు, అందులో రేకుల బిగువు పోయినట్టే. కొత్తది కొనండి, బల్బు కంటే ఖరీదేమీ కాదు.

హాలోజన్ బల్బు గాజును చేత్తో పట్టకండి. చేతి జిడ్డు అంటిన చోట గాజు ఎక్కువ వేడెక్కి తొందరగా పగులుతుంది. హెచ్4 డబ్బాలో సంతలో దొరికే ఎల్ఈడీ బల్బు దోపే ముందు కూడా ఆలోచించండి. అసలు బల్బులో డిమ్ము ఫిలమెంటు కింద చిన్న లోహపు దొప్ప ఉంటుంది. ఎదుటివాడి కళ్లలోకి పోయే వెలుగును ఆపేది అదే. ఎల్ఈడీలో వెలుగు పుట్టే చోటు, దొప్ప ఉన్న తీరు రవ్వంత అటూ ఇటూ అయినా డిమ్ము డిమ్ముగా ఉండదు. పైగా అది లాగే కరెంటు తక్కువ కాబట్టి చెడిన కప్లరు కొన్నాళ్లు చెడనట్టే నటిస్తుంది.

చూడటం, కనబడటం

లైటు మనకు రోడ్డు చూపడానికి అని అనుకుంటాం. వెనక లైట్ల పని పూర్తిగా వేరు: వెనక వచ్చేవాడికి మనల్ని చూపడం. "ఆగి ఉన్న లారీని వెనక నుంచి ఢీకొని" అనే వార్త లేని వారం పత్రికల్లో ఉండదు. ఆ వాక్యం వెనక కొన్నిసార్లు ఒక తుప్పు పట్టిన బోల్టు ఉంటుంది. ఒంటి హెడ్‌లైటు ప్రమాదం ఇంకో రకం. ఒక్క దీపం ఎదురొస్తే మోటారు సైకిలే అని మన కళ్లు లెక్క వేసుకుంటాయి, ఆ మేరకే పక్కకు జరుగుతాం. అది కుడివైపు హెడ్‌లైటు పోయిన లారీ అయితే, చీకట్లో ఉన్న సగం మన వైపే ఉంటుంది.

డాష్‌బోర్డు మీద చాలా దీపాలున్నా బ్రేకు లైటు పోయిందని చెప్పే దీపం మన మామూలు కార్లలో ఎక్కువవాటికి లేదు. డ్రైవరు తన వెనక లైటును తాను చూడలేడు. రాత్రి గోడకు వెనక్కి బండి పెట్టి, బ్రేకు తొక్కి, అద్దంలో గోడ మీద రెండు ఎర్రటి మచ్చలూ సమానంగా ఉన్నాయో లేదో చూసుకోవచ్చు. అర నిమిషం పని, నెలకోసారి చేయండి. ముందు వెళ్లే బండిలో బ్రేకు తొక్కితే ఇండికేటరు వెలుగుతోందని కనబడితే, ఎర్రగుంట్ల నాలుగు రోడ్ల దగ్గరో టీ కొట్టు దగ్గరో ఆగినప్పుడు ఆ డ్రైవరుకు చెప్పండి. "అన్నా, ఎడమ పక్క ఎర్త్ పోయింది చూసుకో" అంటే చాలు, మెకానిక్కుకు మిగతాది అర్థమవుతుంది.